మిరపకాయల షెడ్డులో హంతకుడు

ముందే క్షమాపణ చెప్పుకుంటాను. నాకు అక్షరాలు యాభై తొమ్మిదో ఏట వచ్చాయి. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. శ, ష, స మూడూ నా చేతిలో అక్కచెల్లెళ్ళే. ఈ నాలుగు కాగితాలు రాయడానికి పందొమ్మిది రోజులు పట్టింది. తప్పులుంటే మీరే సర్దుకుని చదవండి. ఇది నాకు జరిగిన సంగతే. కానీ "నేను, నేను" అని రాస్తుంటే గొప్పలు ఎక్కువైపోతున్నాయి. అందుకని వేరే మనిషి గురించి రాసినట్టు నా పేరు పెట్టే రాశాను.

నరసరావుపేట ఊరి చివర కామేశం గారి మిరపకాయల షెడ్డు ఉంది. వెంకటరమణమ్మ అందులో తొడిమలు తీసే పనికి పోతుంది. ఎండుకాయను ఎడమచేత్తో పట్టుకుని, కుడి బొటనవేలితో తొడిమను టక్కున విరిచి, కాయను బుట్టలో వేయాలి. సాయంత్రం ఎవరి బుట్ట వాళ్ళు కాటా మీద పెడితే, తూకాన్నిబట్టి కూలి. పన్నెండు మంది ఆడవాళ్ళు. ఇరవై నాలుగు చేతులకూ పని ఉంటుంది గానీ పన్నెండు నోళ్ళకు ఉండదు. అందుకని ఆ షెడ్డులో ఎప్పటినుంచో ఒక పద్ధతి నడుస్తోంది. పాట పాడే మనిషి, కథ చెప్పే మనిషి పని చేయనక్కర్లేదు. మిగిలినవాళ్ళు తలా ఒక దోసెడు కాయలు ఆమె బుట్టలో వేస్తారు. ఆమెకు కూలి పోదు, వాళ్ళకు పొద్దుపోతుంది.

ఈ ఏడు మార్చిలో వెంకటరమణమ్మ షెడ్డుకు ఒక పుస్తకం పట్టుకెళ్ళింది.

ఆమెకు అక్షరాలు నేర్పిన హనుమయ్య మాస్టారు లైబ్రరీకి తీసుకెళ్ళి, పిల్లల కథల పుస్తకం ఒకటి చేతిలో పెట్టారు. పెద్ద అక్షరాలు, పేజీకో బొమ్మ.

"మాస్టారూ, కుందేలు తెలివి గురించి చదివే వయసా నాది?" అని ఆమె దాన్ని బల్ల మీద పెట్టేసింది. అలమారలో అట్ట చినిగిన లావుపాటి నవల ఒకటి కనిపించింది. అట్ట మీద ఒక కుర్రాడు వీపు తిప్పి నిలబడి ఉన్నాడు. మొహం కనిపించదు. పేరు కూడబలుక్కుంది: బయటి గడియ.

"అది హత్యల పుస్తకం అమ్మా. చీకటి వ్యవహారం. మీరు చదివితే నిద్ర పట్టదు" అన్నారు మాస్టారు.

"నిద్ర పట్టక నాకు ఆరేళ్ళయింది మాస్టారూ, మా ఆయన పోయినప్పటినుంచీ. ఇప్పుడు ఒక కారణమైనా ఉంటుంది" అని తెచ్చుకుంది.

కథ ఎక్కడో కొండల మీది హాస్టల్లో జరుగుతుంది. సారథి అని పదహారేళ్ళ కుర్రాడు. ఎవరితోనూ మాట్లాడడు. భోజనాల దగ్గర వాడి పక్కన ఎవరూ కూర్చోరు. జేబులో చచ్చిన తూనీగల డబ్బా పెట్టుకు తిరుగుతాడు. నీళ్ళ టాంకు మీద కూర్చుని, ఏ గదిలో దీపం ఎప్పుడు ఆరిందో ఒక పుస్తకంలో రాసుకుంటాడు. మొదటి పేజీలోనే వార్డెను సామాన్ల గదిలో కాలిపోయి చచ్చిపోతాడు. ఆ గదికి బయట గడియ పెట్టి ఉంటుంది. పెట్టింది ఎవరు?

పేజీకి తలా దోసెడు అని ఒప్పందమైంది. పక్క బుట్ట జాన్‌బీ ముందే లెక్క తేల్చేసింది. "మన వదిన నత్తలాగా చదివిద్ది. పూటకి నాలుగు పేజీలు దాటదు. మనకి గిట్టుబాటే, కానీయండే" అంది.

ఇంకో నియమం కూడా జాన్‌బీయే పెట్టింది. పుస్తకం ఇంటికి పోకూడదు. కాయలు అందరివీ గనక కథ కూడా అందరికీ ఒకేసారి తెలియాలి. సాయంత్రం పుస్తకాన్ని గుడ్డసంచిలో పెట్టి కాటా పక్కన మేకుకు తగిలించేవాళ్ళు. వెంకటరమణమ్మకు అది నచ్చలేదు గానీ, న్యాయంగానే ఉందని ఒప్పుకుంది.

ఆమె నిదానమే ఆ పుస్తకానికి బలమైంది. గబగబా చదివేవాళ్ళు చదివితే అంత భయం పుట్టేది కాదేమో. ఆమె ఒక్కో అక్షరం పట్టుకుని, దించి, ఇంకోటి పట్టుకునేది. మాట పూర్తయ్యేదాకా పదకొండు మందీ ఊపిరి బిగబట్టుకునేవాళ్ళు.

"వాడి... చొక్కా... మీద... ర... క్త..."

"రక్తం! నేను చెప్పలా!" కనకలక్ష్మి బుట్ట తన్నేసింది.

"ఆగవే. రక్తం కాదు. రక్తచందనం చెట్టు బొమ్మ అంట. జేబు మీద కుట్టి ఉందంట."

"చంపావు గదే అక్కా!"

ఒకరోజు వార్డెను శవాన్ని బయటికి తెచ్చే చోట, పేజీ తిప్పడానికి వెంకటరమణమ్మ వేలు నాలికకు తాకించింది. పొద్దుటి నుంచీ మిరపకాయలు తుంచిన వేలు. నాలిక భగ్గుమంది. కళ్ళ వెంట ధారలు కారిపోయాయి. మాట రాలేదు. అది చూసి, కథలో ఎంత ఘోరం జరిగిందోనని మిగతావాళ్ళు కూడా ఏడవడం మొదలుపెట్టారు. ఆమె చెంబుడు మజ్జిగ తాగి "కారమే, కారం" అన్నాక, జాన్‌బీ కళ్ళొత్తుకుంటూ తిట్టిన తిట్లు ఇక్కడ రాయకూడదు.

కామేశం గారు కూడా తగులుకున్నారు. కాటా దగ్గర ఫోను చూసుకుంటున్నట్టు నిలబడేవారు. ఎవరైనా మధ్యలో దగ్గితే విసుక్కునేవారు. "నాకెందుకో ఆ వంటవాడి మీద అనుమానంగా ఉందమ్మా. వాడి దగ్గర తాళాలు ఎందుకుండాలి?" అన్నారు ఒకసారి. ఆ తర్వాత ఆయన్ని చూసి ఎవరూ పెద్దగా భయపడలేదు.

వెంకటరమణమ్మకు ఆ రోజుల్లో వంటింట్లో కూడా సారథే తోడు. పప్పు పొంగుతుంటే, కథలో ఆ డ్రిల్లు మాస్టారు అబద్ధం ఎందుకు చెప్పాడా అని ఆలోచించేది. రేకుల కప్పు మీద పిల్లి నడిస్తే ఒళ్ళు జలదరించేది, ఆ జలదరింపు ఎంతో బాగుండేది. చదువంటే సంతకం పెట్టడం, బస్సు బోర్డు చూడటం అనుకుంది ఇన్నాళ్ళూ. అట్టల మధ్య ఇంత పెద్ద భయం దాచిపెట్టి, తలుచుకున్నప్పుడల్లా తెరుచుకోవచ్చని ఎవరూ చెప్పలేదు.

షెడ్డులో పదమూడో మనిషి కూడా ఉంది. అక్కడే తొడిమలు తీసే కృష్ణకుమారి మనవరాలు కీర్తి. అమ్మానాన్నలు హైదరాబాదులో అపార్టుమెంటు కాపలా పని చేస్తారు. పిల్ల మాచర్లలో ప్రైవేటు హాస్టల్లో ఉండి పదో తరగతి చదివేది. ఫిబ్రవరిలో ఆ ఊరిదే కన్యక అనే పిల్ల అక్కడి మెట్ల మీదనుంచి పడి చెయ్యి విరిగింది. కీర్తే తోసిందన్నారు. కీర్తి అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. పరీక్షలకు ముందే ఇంటికి పంపేశారు. జరిగింది జరిగినట్టు రాసిచ్చి ఆ పిల్ల ఇంట్లోవాళ్ళతో మాట్లాడితే, సప్లిమెంటరీ పరీక్షకు దరఖాస్తు మీద సంతకం పెడతానని పెద్దమేడం చెప్పింది. ఏప్రిల్లో రెండో శనివారం ఆఖరు. ఆ పిల్ల నోరు తెరిస్తే చదువు ఉంటుంది, లేకపోతే ఇక కాయలే. కానీ రెండు నెలలుగా ఎవరు ఏమడిగినా మాట లేదు. షెడ్డులో కూడా గుమ్మం పక్కన, అందరికీ వీపు పెట్టి కూర్చునేది.

వీపు పెట్టినా చెవులు ఇటే ఉన్నాయని వెంకటరమణమ్మ కనిపెట్టింది. సారథి కనిపించే పేజీల్లో ఆ పిల్ల చేతులు ఆగిపోయేవి. పోలీసులు వచ్చే పేజీల్లో మళ్ళీ కదిలేవి. ఏ రోజు సారథి గురించి ఎక్కువ చదివితే ఆ రోజు కీర్తి బుట్ట తేలిగ్గా తూగేది.

మొదట్లో అందరికీ సారథి మీదే అనుమానం. "మాట్లాడనోళ్ళని నమ్మకూడదే. నోరు మెదపరు, మెట్ల మీదనుంచి తోసేస్తారు" అంది కనకలక్ష్మి, గుమ్మం వైపు చూస్తూ.

వెంకటరమణమ్మ పుస్తకం టపీమని మూసింది. "ఇయ్యాల్టికి అయిపోయింది."

"ఏందక్కా, రెండు పేజీలేగా అయింది!"

"నీ దోసెడు నువ్వు తీసేసుకో కనకం. కథ వినడానికి వచ్చావా, రాళ్ళెయ్యడానికి వచ్చావా?"

ఆ రోజు కూలి ఆమెకు తక్కువే వచ్చింది. కానీ కనకలక్ష్మి మళ్ళీ గుమ్మం వైపు చూడలేదు.

తర్వాత్తర్వాత కథ మలుపు తిరిగింది. వార్డెను బతికుండగా సారథిని మరుగుదొడ్ల ముందు కూర్చోబెట్టి అన్నం తినమన్నాడని తెలిసింది. వాడి దుప్పటి తడిపేసి చలిలో పడుకోబెట్టాడని తెలిసింది. ఆ భాగం అయ్యేసరికి అదే కనకలక్ష్మి ముక్కు ఎగబీల్చి, "ఆ వార్డెను ఇంకోసారి చచ్చినా పాపం లేదే" అంది. షెడ్డు షెడ్డంతా సారథి పక్షానికి వచ్చేసింది. గడియ పెట్టింది వంటవాడని ఆరుగురు, వార్డెను బావమరిది అని నలుగురు. జాన్‌బీ ఒక్కతే ఎటూ తేల్చలేదు. "నాకు ఎవడైనా ఒకటే. మనోడు కాకపోతే చాలు" అంది.

ఆఖరి భాగం గురువారం నాటికి మిగిలింది. కీర్తికి మేడం పెట్టిన శనివారం గడువు రెండు రోజుల్లో ఉంది.

మధ్యాహ్నం అన్నాలకు ముందు, కుళాయి దగ్గర కారం పోయేందుకు మజ్జిగతో చేతులు కడుక్కుంటుంటే కృష్ణకుమారి పక్కకు వచ్చింది.

"అక్కా, ఒక మాట. ఇయ్యాల తేలిపోద్ది గదా. ఒకవేళ ఆ పిల్లోడే చేశాడని ఉంటే... చేయలేదని చదువు."

"ఏందీ?"

"నీకేం పోద్ది అక్కా? ఈడ అడిగేదెవరు? అది వింటా ఉంది. వాడికి ఏ పాపం తెలవదని వస్తే దానికీ ధైర్యం వచ్చిద్ది. మేడం దగ్గరికి పోయి నేను తొయ్యలేదని ఒక్క ముక్క చెప్తే చాలు."

"అది తొయ్యలేదని నీకెట్టా తెలుసే?"

"నా మనవరాలు అక్కా!"

"అది చెప్పిందా నీకు?"

"చెప్పాలా ఏంది? ఊరందరితో నేనే చెప్తన్నా, దేవుడి మీద ఒట్టేసి. నా పిల్ల అట్టాంటిది కాదని."

వెంకటరమణమ్మ చేతులు దులుపుకుంది.

ఆరేళ్ళ కిందట ఆమె మొగుడికి కడుపులో నొప్పి వస్తే గుంటూరు తీసుకెళ్ళి పరీక్షలు చేయించారు. కాగితాలు అక్క కొడుకు మురళీధర్ చదివి చెప్పాడు. "ఏం లేదంట పిన్నీ, గ్యాసంట" అన్నాడు. మంచివాడు, పిన్ని బెంగపడుతుందని అలా చెప్పాడు. ఆమె ఆ మాట పట్టుకుని కారంపూడిలో మిరపకోతలకు పోయి నలభై రోజులు అక్కడే ఉంది. తిరిగొచ్చేసరికి ఆయన మంచంలోంచి లేవలేకుండా ఉన్నాడు. పదకొండు రోజులే దక్కాయి. ఆ నలభై రోజులు ఎవరు తెచ్చిస్తారు? దినాలు అయిపోయిన మర్నాడే ఆమె పలక కొనుక్కుంది.

"కృష్ణా, ఉన్నదే చదువుతా" అంది. "లేనిది చదవను. నా దేవుడి ముందు కూర్చోబెట్టి అడిగినా చదవను."

"వాడే చేశాడని ఉంటే?"

"వాడే చేశాడని చదువుతా."

"నా పిల్ల ఇంక నోరు తెరవదు అక్కా."

"ఇప్పుడు తెరుస్తందా?"

కృష్ణకుమారి షెడ్డులోకి వెళ్ళిపోయింది. వెంకటరమణమ్మ అంత గట్టిగా అన్నదే గానీ, ఆఖరి భాగంలో ఏముందో ఆమెకూ తెలియదు. మేకున వేలాడే సంచిని చూసి, వాడు కాకూడదని జాన్‌బీ కంటే గట్టిగా కోరుకుంది.

రెండు గంటలకు మొదలుపెట్టింది. కామేశం గారు ఫోను జేబులో పెట్టేసి స్టూలు లాక్కుని కూర్చున్నారు. నీళ్ళ టాంకు మీద సారథి, కింద ఇన్‌స్పెక్టరు. వర్షం. వంటవాడు కాదని తేలిపోయింది. బావమరిది ఆ రోజు ఊళ్ళోనే లేడు. ఇన్‌స్పెక్టరు తూనీగల డబ్బా తిరిగిచ్చి, అరుస్తూ కాకుండా మెల్లగా అడిగాడు, గడియ పెట్టింది ఎవరని. సారథి చాలాసేపు వర్షాన్ని చూశాడు.

పేజీ తిప్పింది. ఈసారి వేలు చీర కొంగుకు తుడుచుకుని తిప్పింది. మొదటి వాక్యం చూసింది. చిన్న వాక్యమే, రెండే మాటలు. మాట పైకి రాకముందే ఆమెకు అర్థమైంది. చదవడం మొదలుపెట్టాక అలా జరగడం అదే మొదటిసారి.

ఆమె ఆగిపోయింది. ఎవరికీ అనుమానం రాలేదు, ఎప్పుడూ ఆగేదే గనక. కావాలంటే అక్కడ ఏ మాటైనా పెట్టొచ్చు. ఎదురుగా కృష్ణకుమారి చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆమె పెదాలవంకే చూస్తోంది.

"పెట్టింది... నేనే" అని చదివింది వెంకటరమణమ్మ.

ఎవరి చేతుల్లోనూ కాయ కదలలేదు. ఆమె ఆపకుండా చదువుకుంటూ పోయింది. భయపెడదామని గడియ పెట్టాడు. ఒక రాత్రి లోపల పడుంటే తెలుస్తుందనుకున్నాడు. లోపల వార్డెను బీడీ ముట్టించుకుంటాడని, పరుపులు అంటుకుంటాయని అనుకోలేదు. అరుపులు వినపడ్డాయి. టాంకు మీదికి ఎక్కి చెవులు మూసుకున్నాడు.

"అయ్యో, మనోడేనా" అంది జాన్‌బీ.

"ఆ వార్డెను పెట్టిన బాధలకి ఎవరైనా పెడతారు" అంది కనకలక్ష్మి.

"పెడతారు సరే. అరుపులు విని తియ్యద్దూ? తియ్యకపోవడం తప్పే. తప్పు చేశాడు." జాన్‌బీ మోచేత్తో మొహం తుడుచుకుంది. "తప్పు చేసినా మనోడేలే. ఇన్ని దోసిళ్ళు పోసి వాణ్ణి ఇప్పుడు వదిలేస్తామా? చదువు వదినా, వాణ్ణేం చేస్తారో."

"అమ్మమ్మా." గుమ్మం దగ్గరినుంచి వచ్చింది ఆ గొంతు. రెండు నెలల తర్వాత వినడం వల్ల ఎవరిదో పోల్చుకోవడానికి కాస్త పట్టింది. కీర్తి ఇటు తిరిగి, వెంకటరమణమ్మవంకే చూస్తూ కూర్చుని ఉంది. "ఆ ముక్క మళ్ళీ చదువు."

వెంకటరమణమ్మ మళ్ళీ చదివింది. పెట్టింది నేనే.

"నేనే తోశా" అంది కీర్తి.

"ఏమే, ఏం మాట్లాడతన్నావే!" కృష్ణకుమారి లేవబోయింది.

"తోశా నాయనమ్మా. నువ్వు అందరి దగ్గరా ఒట్లేస్తంటే ఎట్టా చెప్పేది? నేను చెప్తే నీ ఒట్టు ఏమైపోద్ది?" ఒకసారి మొదలయ్యాక మాటలు ఆగలేదు. "రోజూ నా కంచం తీసి వరండాలో పెట్టేవాళ్ళు. కన్యక పెట్టేది కాదు, చూసి నవ్వేది. ఆ రోజు మెట్ల మీద కూడా నవ్వింది. పడాలనే తోశా. చెయ్యి విరగాలని కాదు. అది అరుస్తంటే నేను పైనే నిలబడ్డా. కిందికి దిగలా."

కృష్ణకుమారి కళ్ళు నిండిపోయాయి. చేతులనిండా కారం, తుడుచుకునే వీల్లేదు. జాన్‌బీ లేచి తన కొంగు లోపలి వైపు తిప్పి ఆమె కళ్ళు అద్దింది.

"ఇందాక నన్ను అబద్ధం చదవమన్నావే" అంది వెంకటరమణమ్మ, మెల్లగా.

"తిట్టు అక్కా, తిట్టు."

"తర్వాత తిడతా. రేపు పొద్దున మాచర్ల బస్సు ఎన్నింటికి?"

"ఆరున్నరకి ఒకటుంది" అన్నారు కామేశం గారు. "రేపు మీ ముగ్గురూ రానక్కర్లేదు. ఆ మిగతా పేజీలు మాత్రం చదివేసి పోమ్మా, నీకు పుణ్యముంటుంది."

చదివేసింది. సారథిని ఏం చేశారో ఇక్కడ రాయను. లైబ్రరీలో ఆ పుస్తకం ఇంకా ఉంది.

మర్నాడు బస్సులో కీర్తి కాగితం ఒళ్ళో పెట్టుకుని రాసింది. కుదుపులకు అక్షరాలు వంకరపోతుంటే వెంకటరమణమ్మకు ముచ్చటేసింది. కారంపూడి దాటాక ఆ కాగితం తీసుకుని ఒక్కో అక్షరం పట్టుకుని చదివింది. "నవ్వినందుకు అని రాశావు. కంచం సంగతి రాయలేదేం?" అంది. కీర్తి ఆలోచించి అది కూడా రాసింది.

మాచర్లలో ముందు కన్యక వాళ్ళింటికి పోయారు. తలుపు తీసిన తల్లి వీళ్ళని గుర్తుపట్టి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఏ మొహం పెట్టుకుని వచ్చారమ్మా?" అంది.

కృష్ణకుమారి దణ్ణం పెట్టబోయింది. కీర్తి ఆమె చెయ్యి పట్టుకుని కిందికి దించి ముందుకు వచ్చింది.

"నేను కీర్తిని ఆంటీ. కన్యకని నేనే తోశాను. చెయ్యి ఎట్లా ఉంది?"

ఆ తల్లి తిట్టడం మొదలుపెట్టింది. చాలాసేపు తిట్టింది. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. వెంకటరమణమ్మ అడ్డం పోలేదు. కీర్తి తల దించుకోకుండా నిలబడి మొత్తం విన్నది. చివరికి లోపలినుంచి కన్యక వచ్చింది. కట్టు విప్పేశారు గానీ చెయ్యి ఇంకా సన్నగా, పాలిపోయి ఉంది.

"ఇంక ఆపమ్మా" అంది ఆ పిల్ల. "నేను కూడా రోజూ నవ్వాను." తర్వాత కీర్తివంక చూసి, "రాసేది కుడిచెయ్యిగా, పరీక్ష రాశాలే. నువ్వు సప్లిమెంటరీ రాస్తన్నావా?" అంది.

"మేడం సంతకం పెడితే రాస్తా."

"పెడతారులే. కాగితం ఏదీ, చూపించు."

ఇద్దరూ గుమ్మంలోనే నిలబడి చదువుకున్నారు. ఆ తల్లి పక్కకు జరగలేదు గానీ, తలుపు కూడా వేయలేదు. మధ్యాహ్నం పన్నెండింటికి పెద్దమేడం సంతకం పెట్టింది.

దాసరి వెంకటరమణమ్మ
అరవై ఐదేళ్ళు
ప్రస్తుతం ఉంటున్నది నరసరావుపేట